తువ్వాలు కింద చెయ్యి

నిజాంపట్నం,
ఆగస్టు నెల.

మహారాజశ్రీ మా వారు గౌతమ్ గారి పాదపద్మాలకు,

మీ పావని నమస్కరించి రాసుకుంటున్నది. ఇలా మొదలుపెడితే, ఉత్తరం ముందు మీ అమ్మగారి చేతిలో పడ్డా గొడవ ఉండదు. పెళ్ళికి ముందు మిమ్మల్ని నువ్వు అనేదాన్ని. బాపట్ల కాలేజీ క్యాంటీన్లో "ఒరే గౌతమూ" అని కూడా పిలిచాను. తాళి కట్టించుకున్న మర్నాడు మీ అమ్మగారు పక్కన కూర్చోబెట్టుకుని "మీరు అనమ్మా, నలుగురూ వింటారు" అన్నారు. సరే, అలాగే అంటున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరం ఏంటి అని నవ్వుకుంటారేమో. ఏం చేయను మరి, నా నంబరు బ్లాక్ చేశారు. వాట్సాప్‌లో కూడా చేశారు. తెనాలి పోస్ట్‌మ్యాన్‌ని బ్లాక్ చేయడం మీ వల్ల కాదు కదా. గేటు ముందు నిలబడి మీ పేరు పెట్టి అరిచి మరీ ఇచ్చి వెళతాడు. చదవకుండా చించేస్తారా? చించరు. మీ గురించి ఎవరేం అనుకుంటున్నారో తెలుసుకోకపోతే మీకు అన్నం సహించదు. మూడేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసుకున్నాను.

హేమంత్ నిశ్చితార్థం సంగతి మీరు ఈపాటికి మర్చిపోయే ఉంటారు. నేను మర్చిపోలేదు. మీ చిన్నాన్న గారబ్బాయి నిశ్చితార్థం, మీ ఆర్కెస్ట్రా ప్రోగ్రాము. పిట్టలవానిపాలెం నుంచి మీ వాళ్ళంతా వచ్చి బాపట్ల ఫంక్షన్ హాల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. మా అమ్మా నాన్నా వెనకెక్కడో కూర్చున్నారు. మీరు ఎప్పటిలాగే గిటార్ మీద మీ బ్లూస్ బిట్టుతో మొదలుపెట్టారు. ఎక్కడో అమెరికా నల్లవాళ్ళ పాటకు ముందు వచ్చే చిన్న ముక్క అది. మొదటి స్వరమే ఏడుపులాగా పైకి లేస్తుంది. అది వినపడగానే కుర్రాళ్ళు ఈలలు వేస్తారు. మీ పిన్ని మురిసిపోయి, "మీ ఆవిడక్కూడా కాస్త నేర్పకూడదంట్రా గౌతమ్" అంది. మీరు మైకు నోటి దగ్గర పెట్టుకుని ఏమన్నారు? "మా ఆవిడ చేతికి గిటార్ ఇస్తే తీగలన్నీ ఊడదీసి వల అల్లేస్తది పిన్నీ" అన్నారు.

హాలు హాలంతా నవ్వింది. మీ నాన్న సాంబశివరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది, గౌతమ్ గారూ. అల్లుడు అన్న మాట కదా అని నవ్వింది. నవ్వి, రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. ఆ చేతులు వలలు అల్లీ, చిరిగినవి బాగుచేసీ నన్ను డిగ్రీ చదివించాయి. ఆ సంగతి మీకు చెప్పాను కూడా, ప్రేమించుకునే రోజుల్లో. అప్పుడు మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవన్నీ ఉట్టి నీళ్ళేనన్నమాట.

ఆ సాయంత్రం నేను తెనాలి రాకుండా మా వాళ్ళతో నిజాంపట్నం బస్సెక్కాను. మీరు ఫోన్ చేసి "జోకు కూడా తట్టుకోలేకపోతే ఎట్టాగే?" అన్నారు. నేను తిట్టాను. హార్బర్ ఊళ్ళో పుట్టినదాన్ని, తిట్లకు వెతుక్కోనక్కర్లేదు. మీరు బ్లాక్ చేశారు.

ఇప్పుడు చెవులు పెట్టి వినండి. ఆ బిట్టు నేను నేర్చుకుంటున్నాను. డిసెంబరులో హేమంత్ రిసెప్షన్ అదే హాల్లో పెట్టుకున్నారట. మీ వాళ్ళంతా మళ్ళీ అవే కుర్చీల్లో కూర్చుంటారు. అందరి ముందూ వాయిస్తాను. మీ తల దించుతాను. దించాక నా పంతం తీరిపోతుంది, మీ వెంటే తెనాలి వచ్చి మీకిష్టమైన గోంగూర పప్పు కూడా చేసి పెడతాను. కాని ముందు ఆ తల దిగాలి.

మీరు నేర్పరని తెలుసు. ఆర్కెస్ట్రాల్లో లీడ్ గిటార్ వాళ్ళకి అదొక ఆనవాయితీ కదా, వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో పక్కవాడికి కూడా కనపడనివ్వరు. కొందరు వీపు తిప్పేసుకుంటారు. మీరు ఎడమ చేతి మీద చిన్న తువ్వాలు కప్పుకుంటారు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వాయించేటప్పుడు కూడా తువ్వాలే. నేను కాఫీ తెస్తే ఠక్కున ఆపేసేవారు. కట్టుకున్న పెళ్ళాం కూడా దొంగే మీకు! పోనివ్వండి. నేను పనిచేసే రేపల్లె ల్యాబ్‌కి ఎదురుగా చర్చి ఉంది. అక్కడ గిటార్ వాయించే డేనియల్ అన్నయ్య దగ్గర చేరాను. మీ ప్రోగ్రాముల వీడియోలు నా ఫోన్లో బోలెడున్నాయి. ప్రేమతో తీసుకున్నవే అన్నీ. ఇప్పుడు పగతో వింటున్నాను.

ఇట్లు,
మీ ధర్మపత్ని, వలలు అల్లే పావని.


రేపల్లె,
అక్టోబరు నెల.

ప్రియమైన మా వారికి,

జవాబు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. ఈ ఉత్తరం మాత్రం ఒకటికి రెండుసార్లు చదువుకోండి, ఇందులో సరుకు ఉంది.

ముందు నా కష్టం వినండి. వేళ్ళ చివర్లు పగిలాయి. అన్నం కలుపుకుంటే కారం మండిపోతోంది. డేనియల్ అన్నయ్య తన పాత ఎలక్ట్రిక్ గిటార్ ఇంటికి ఇచ్చి పంపాడు. మా అమ్మ రెండు వారాలు ఓర్చుకుని, "ఎప్పుడూ అదే ముక్కేంటే? పాట ఎప్పుడొస్తదే తల్లీ?" అంది. పాట రాదమ్మా, ఈ ముక్క కోసమే ఇదంతా అన్నాను. "ముక్క కోసం ఇంత రాద్ధాంతమా" అని బుగ్గలు నొక్కుకుంది. మా నాన్న మాత్రం "దాని ఏడుపు దాన్ని ఏడవనియ్యవే" అన్నాడు. ఆయనకి సంగతి తెలుసు.

మీ వీడియోలో ఎలా వినపడుతుందో అచ్చం అలాగే పట్టేశాను. మొదటి స్వరం పైకి జారుతుందే, అది కూడా. గర్వంగా వెళ్ళి డేనియల్ అన్నయ్య ముందు వాయించాను. ఆయన ఇంకోసారి వాయించమన్నాడు. తర్వాత "ఇది ఎవరు వాయించగా విన్నావమ్మా?" అన్నాడు. మా ఆయన అని చెప్పాను. ఆయన తన ఫోన్లో ఆ పాట కట్టిన అమెరికా ముసలాయన వాయించిన అసలు ముక్క పెట్టాడు. గౌతమ్ గారూ, మూడుసార్లు పెట్టించుకుని విన్నాను. ఆ స్వరం మెట్లెక్కడం లేదు. ఉన్నచోటి నుంచే కరిగి, సాగి, ఎక్కడా తెగకుండా పైకి పోయి అక్కడ నిలబడి వణుకుతోంది. మీదీ నాదీ అలా లేదు. మధ్యలో చిన్న కుదుపు ఉంది.

"అది తీగని తోసి తీయాలమ్మా, దాన్ని బెండ్ అంటాం. వేలు ఉన్న మెట్టు, అంటే ఫ్రెట్, దాటకూడదు, తీగే పక్కకి వంగాలి. మీవారు వేలు ఒక ఫ్రెట్ మీది నించి పై ఫ్రెట్‌కి జార్చేస్తున్నారు. బయటివాళ్ళు పట్టుకోలేరులే" అన్నాడు. చెయ్యి కనపడే వీడియో ఒక్కటైనా ఉందేమో చూపించు అన్నాడు. అన్నీ వెతికాను. అన్నిట్లోనూ తువ్వాలే.

అప్పుడు నాకు వెలిగింది. ఓరి దేవుడా! మీ ఆర్కెస్ట్రా వాళ్ళు, మీ వాళ్ళు, నేను, అందరం ఏమనుకున్నాం? విద్య ఎవరూ కాజేయకుండా కప్పుకున్నారని కదా. కాజేయడానికి ఆ తువ్వాలు కింద ఏమీ లేదు. మీకు ఆ స్వరం రాదు. రానిది కనపడకుండా కప్పుకున్నారు. ల్యాబ్‌లో నేను ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే, రక్తపరీక్షకి వచ్చిన పెద్దాయన భయపడి లేచి నిలబడ్డాడు.

కాబట్టి మా వారూ, నా పంతం పెరిగింది. ఉట్టిగా వాయించడమే కాదు, వాయించాక మైకు తీసుకుని చెబుతాను. "మా ఆయనకి ఇది రాదండీ, అందుకే చెయ్యి దాచుకుంటాడు" అని నోరారా చెబుతాను. మీ పిన్ని వినాలి, మీ నాన్న వినాలి. డేనియల్ అన్నయ్య "ఎందుకమ్మా, సంసారం కదా" అన్నాడు. నాకు గిటార్ చెప్పండి చాలు, సంసారం నేను చూసుకుంటాను అన్నాను.

ఇప్పుడు తీగ తోస్తున్నాను. ఉంగరపు వేలు నొక్కి పెట్టి, వెనక రెండు వేళ్ళూ సాయం పట్టి, మణికట్టు తిప్పుతూ తోయాలి. ఒకసారి చాలదు, ఇంకోసారి ఎక్కువై అపశ్రుతి పలుకుతుంది. మొన్న మధ్యాహ్నం వానలో కరెంటు పోయింది. ఆంప్ స్పీకరు లేకుండానే తోస్తుంటే సరిగ్గా వచ్చి కూర్చుంది. కేకేశాను. మా అమ్మ చేపలు కడుగుతున్నదల్లా కత్తితో సహా పరిగెత్తుకొచ్చింది.

ఈ రెండు నెలలూ అన్నం సరిగ్గా తినండి. డిసెంబరులో ముద్ద మీ గొంతు దిగదు.

ఇట్లు,
మీ పావని.


నిజాంపట్నం,
జనవరి నెల.

గౌతమ్‌కి,

రిసెప్షన్‌లో జరిగింది నువ్వు చూశావు. అయినా నా వైపు నుంచి రాస్తాను.

భోజనాల వేళ మీ వాళ్ళ బ్యాండు ఆగింది. యాంకరమ్మాయి మామూలుగానే "బంధువుల్లో ఎవరన్నా పాడతారా అండీ" అని అడిగింది. నేను లేచాను. నువ్వు ప్లేటు పట్టుకుని నాన్‌వెజ్ దగ్గర నిలబడ్డావు. స్టాండు మీద ఉన్న నీ గిటారే తీసుకున్నాను. తీగలు డేనియల్ అన్నయ్య గిటార్ తీగలకన్నా మందంగా ఉన్నాయి. వేలు పెట్టగానే నా ప్రాణం జారిపోయింది. ఇవి వంగుతాయా? వంగకపోతే మళ్ళీ నవ్వుతారు, అదీ మా అమ్మ ముందే. పళ్ళు బిగించి తోశాను.

వచ్చింది. స్వరం పైకి పోయి అక్కడ నిలబడింది. మిగతా ముక్క వాయించి, మైకు దగ్గరికి జరిగాను. రెండు నెలలుగా కూర్చుకున్న మాట నాలుక మీదే ఉంది. హాలు వైపు చూశాను. మీ చిన్నాన్న పెరుగు బకెట్ కుర్రాణ్ణి కేకలేస్తున్నాడు. మీ నాన్న ఫోటోల వాడితో తగువు పెట్టుకున్నాడు. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళికూతురి వడ్డాణం గురించి మాట్లాడుకుంటున్నారు. మీ పిన్ని మాత్రం మర్యాదకి చప్పట్లు కొట్టి, "ఉట్టి గిటారేంటమ్మా పావనీ, పాటేదన్నా అందుకో" అంది. వాళ్ళకి నువ్వు వాయించినా నేను వాయించినా ఒకటే. నువ్వు జార్చినా నేను వంచినా ఒకటే. నీకు రాదని చెప్పి ఎవరి చేత అయ్యో అనిపించాలి? అలవాటైన ముక్క విన్నారు, కూరలో ఉప్పు సరిపోయిందని తిన్నారు, అంతే. నా నోట్లో మాట అక్కడే ఎండిపోయింది.

అప్పుడు నువ్వు కనపడ్డావు. నీ చేతిలో ప్లేటు ఒరిగిపోయి పులుసు బూట్ల మీద కారుతోంది. నీకు తెలియడం లేదు. నా ఎడమ చేతినే చూస్తున్నావు. అంత హాల్లో విన్నవాడివి నువ్వొక్కడివే. మైకు ముట్టుకోకుండా దిగిపోయాను. మా అమ్మ "అయిందా? పదవే, బస్సు పోద్ది" అంది.

అబద్ధం ఎందుకు, కడుపు నిండిపోయింది. నిజాంపట్నం దాకా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నాను. దేవుడు నాకింత మంచి పగ ఇస్తాడనుకోలేదు. నలుగురి ముందూ నిన్ను తిట్టి ఉంటే, నువ్వూ నలుగురి ముందూ ఏదో ఒక జోకు వేసి బయటపడేవాడివి. ఇప్పుడు ఎక్కడికీ పోలేవు.

ఆ తర్వాత మంగళవారం నువ్వు ల్యాబ్‌కి వచ్చావు. నువ్వొచ్చావని తెలియగానే నేను గ్లౌజులు విప్పకుండానే బయటికి పరిగెత్తాను. ఇది నీకు చెప్పడం నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. సారీ అంటావనుకున్నాను. అనకపోయినా, ఇంటికి రా అంటావనుకున్నాను. అదీ కాదంటే, చిక్కిపోయావేంటే అన్నా చాలనుకున్నాను. నువ్వు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆ బెండు... ఎక్కడ ఆపాలో నీకెట్టా తెలుస్తోంది?" అన్నావు.

రెండో మాట కోసం నిలబడ్డాను. రాలేదు. పనుంది అని లోపలికి వెళ్ళి, శాంపిల్స్ పెట్టే ఫ్రిజ్ వెనక కూర్చుని ఏడ్చాను. ఇన్నాళ్ళూ పగ అనుకున్నాను. వేళ్ళు పగలగొట్టుకున్నది నువ్వు ఒక్కసారి నా వైపు చూస్తావని. చూశావు. నన్ను కాదు, నా వేళ్ళు ఏ ఫ్రెట్ మీద ఉన్నాయో చూశావు. మా అమ్మ చేతుల గురించి ఒక్క మాట నీ నోట రాలేదు. నీకు అది గుర్తు కూడా లేదు, అవునా?

అడిగావు కాబట్టి జవాబు ఇస్తున్నాను. తీగ మీద వేలు పెట్టే ముందు, ఆ పై స్వరాన్ని నోటితో పాడు. పైకే, సిగ్గుపడకుండా పాడు. చెవిలో అది ఉండగానే తీగని తోయి, అదీ ఇదీ ఒకటయిన చోట ఆపు. చేతికి తెలియదు గౌతమ్, గొంతుకే తెలుస్తుంది. నేను మొదట రానప్పుడు డేనియల్ అన్నయ్య ముందు పిచ్చిదానిలా కూనిరాగం తీస్తూ తోశాను. ఆయన నవ్వలేదు. నువ్వు ఎవరి ముందైనా రాదు అని ఒప్పుకుని ఉంటే, నీకూ ఎవరో ఒకరు ఈపాటికి చెప్పేవారు. అన్నట్టు, సన్న తీగలు వేయించుకో.

దాచుకోకుండా అంతా రాశాను. నేర్చుకో, నీకు వస్తుంది. వచ్చిన రోజున నా చెయ్యే గుర్తుకొస్తుంది, ప్రతి ప్రోగ్రాములోనూ, మొదటి స్వరానికే.

నాతో నీకున్న పని ఇదొక్కటే కదా. అయిపోయింది. ఇక రేపల్లె రాకు.

పావని.