ఏడుగురు తండ్రుల లెక్కలో రాని తల్లులు

జిల్లా జన్యు సలహా కేంద్రం ముఖ్య వైద్యులవారి సముఖమునకు, ఆక్‌జార్ గ్రామ నివాసిని, జాకిప్ కూతురు చోల్పోన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అక్క బురుల్ కుటుంబమునకు జన్యు సలహా మరల ఇప్పించుట గురించి, అక్క బతికి ఉండగానే ఇప్పించుట గురించి.

1. అక్క కూతురు మీరిమ్‌కు నాలుగేళ్లు. నడిచిన పిల్ల నడక మరిచింది. వచ్చిన మాటలూ పోయాయి. మొన్న వసంతంలో తమ కేంద్రానికి తీసుకువచ్చాము. డాక్టరమ్మ గారు "మీ భార్యాభర్తలది దగ్గర చుట్టరికమా?" అని అడిగారు. బావ తోలోగోన్ రొమ్ము విరుచుకుని తన ఏడుగురు తండ్రుల పేర్లు (తండ్రి మొదలు పైకి ఏడు తరాల మగవాళ్లవి), మా ఏడుగురు తండ్రుల పేర్లు అప్పజెప్పాడు. ఒక్కటీ కలవలేదు. చుట్టరికం లేదని రాసుకున్నారు. జబ్బు రక్తంలో వచ్చినదని మాత్రం చెప్పి పంపారు.

2. ఆ మాట ఇంటికి చేరేసరికి కొరడా అయింది. "మా ఏడుగురిలో ఒక్కడికీ అవిటితనం లేదు. ఇది నీ పాడు రక్తమే!" అంటూ బావ గుర్రపు కొరడాతో అక్కను పెరట్లో పడేసి కొట్టాడు. కొరడా పిడితో ముందు పళ్లు రాలగొట్టాడు. సైకల్ అనే పేరుగల అక్క అత్తగారు గుమ్మంలో నిలబడి, "మొహం మీద కొట్టకురా, ఊరంతా చూస్తుంది" అని హితవు చెప్పింది. పిల్లను చూసుకోవడానికి ఆ ఇంట్లోనే ఉన్న నేను అడ్డుపడగా నా కుడి మణికట్టు విరిగినది. ఎడమచేతి దస్తూరిని మన్నించగలరు.

3. తమరు అడగనిది, మేము చెప్పనిది ఒకటున్నది. సైకల్ మా అమ్మకు స్వయానా అక్క. మాలో చుట్టరికమంటే తండ్రుల వైపే. అక్కచెల్లెళ్ల పిల్లలకు పెళ్లి చేయవచ్చును. అందుచేత ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ నిజమూ చెప్పలేదు. ఈ సంగతి డాక్టరమ్మకు చెబుదామంటే పెద్దమ్మ నవ్వింది. "ఆడవాళ్లు కూడా వంశమేనటే?"

4. ఇప్పుడు అక్కను వెళ్లగొట్టి, ఆచారం ప్రకారం ఆమె స్థానంలో నన్ను ఇమ్మంటున్నారు.

"నాదీ అక్క రక్తమే కదా, పెద్దమ్మా?"

"నువ్వు చదువుకున్నావుగా. నీది ఈపాటికి శుభ్రపడి ఉంటుందిలే."

కావున అక్కను, బావను, పెద్దమ్మను ముగ్గురినీ పిలిపించి, భార్యాభర్తలిద్దరి రక్తమూ పరీక్షించి, జబ్బు ఒక్కరి నుంచి వచ్చినదో ఇద్దరి నుంచీ వచ్చినదో పెద్దమ్మ ముందు తమ నోటితో చెప్పవలెను. ఫలితాన్ని కాగితం మీద మాత్రం పంపవద్దు. కాగితం పొయ్యిలోకి పోతుంది, అక్క మళ్లీ పెరట్లోకి పోతుంది. "నా రక్తం ఒక్క చుక్క కూడా ఇవ్వను" అని బావ భీష్మించుకున్నాడు గనుక గట్టి తాఖీదు అవసరమని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చోల్పోన్

మనవి: కవరు అంటించబోతుండగా పెరట్లో అక్క కేక వినబడింది. గొర్రెలు కోసే కత్తి తీసుకుని వెళ్లాను. కొరడా పట్టిన చెయ్యి తెగింది. ఎడమచేతి పని గనుక లోతుగా దిగలేదు. బావ రక్తం తుడిచిన రుమాలు ఇందుతో జతపరచడమైనది. పరీక్షకు చాలకపోతే కబురు చేయండి, మళ్లీ తెస్తాను.