విశ్వాసం ఇంగ్లీషు సంతకం

మార్కాపురం,
1937 జనవరి 18

ప్రియమైన మణెమ్మకు, నీ నాయన విశ్వాసం ప్రార్థనలతో రాసేది.

ఇక్కడ అంతా క్షేమం. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు అట్లనే ఉన్నాయి, నోరు మాత్రం బాగా పనిచేస్తా ఉంది. నంద్యాల పంతులమ్మ ట్రైనింగు బడిలో కూడు ఎట్ల ఉందో నువ్వు రాయలేదని రోజూ నన్ను తిడుతుంది, నేనేదో అక్కడ వండి పెడుతున్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. పదేండ్ల కింద సర్కారు ఊరవతల మన పల్లెవాళ్ళకు బంజరు పట్టాలు ఇచ్చినప్పుడు మనకొచ్చిన రెండెకరాలు జ్ఞాపకం ఉంది గదా. జొన్న చల్లితే చల్లిన గింజలు కూడా తిరిగి రాని నేల. కంభం చెరువు కింద మంచి మాగాణి రాజుల కాలంలో ఎవరికి దక్కిందో వాళ్ళ వంశాలవాళ్ళే ఇప్పటికీ తింటున్నారు, మన వాటాకు రాళ్ళు మిగిలినాయి. పోయిన నెల బావి తవ్వుదామని గడ్డపార వేస్తే మూడు మూరల లోతులో పలకరాయి తగిలింది. చార లేదు, పగులు లేదు. గనిలో ఇరవై యేండ్లు ఉలి పట్టినవాణ్ణి, తట్టి చూసి చెప్పగలను. గంట మాదిరి పలికింది.

ఈ సంగతి ఎట్ల తెలిసిందో గానీ ఉమామహేశ్వర్లు గారు వచ్చినాడు. బజారులో పలకల దుకాణం ఆయనదే. ఎన్నడూ మన పల్లె దిక్కు చూడని మనిషి మన ముంగిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. యేడాది పాటు రాయి తీసుకుంటానన్నాడు, నన్నే మేస్త్రీగా పెడతానన్నాడు, మనవాళ్ళకే పని ఇస్తానన్నాడు. ఒప్పుకున్నా.

కాగితం ఇంగ్లీషులో రాయించినారు. గుమాస్తా నరసింహం నా వేలికి సిరా పూయబోతే చెయ్యి వెనక్కి తీసుకొని కలం ఇమ్మన్నా. క్రిస్మసుకు నువ్వు నేర్పినావే, ఆ ఇంగ్లీషు సంతకం ఒక్క గీత తప్పకుండా పెట్టినా. నరసింహం నోరు తెరిచినాడు. వేలిముద్రవాళ్ళకైతే కాగితమంతా తెలుగులో చదివి చెప్పి, చెప్పినామని కింద రాయాలంట. "ఇంగ్లీషులో సంతకం చేసే మనిషికి నేను చదివి చెప్పేదేంది" అని నవ్వి కాగితం మడిచి పెట్టుకున్నాడు. ఆ మాట నువ్వు విని ఉండాల్సింది తల్లీ.

నీ ప్రేమగల నాయన, కాబోయే మేస్త్రీ,
విశ్వాసం

నంద్యాల,
జనవరి 24

ప్రియమైన నాయనకు, మణెమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతోషపడదామనే చదివాను, నా వల్ల కాలేదు. నిన్నటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పాఠం చెప్పి చూపించే పరీక్షలో ఎనిమిదో ఎక్కం తప్పు చెప్పి చిన్నపిల్లల చేత నవ్వించుకున్నాను.

నాయనా, అది మనం కొన్న భూమి కాదు. పట్టా ఇచ్చిన రోజు పాస్టరుగారు షరతులు చదువుతుంటే నీ పక్కనే నిలబడి విన్నాను. దాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి రాసివ్వకూడదు. తెలిసి రాసిస్తే సర్కారు వెనక్కి తీసుకుంటుంది. యేడాది పాటు రాయి తీసుకుంటానని ఉమామహేశ్వర్లు గారు నోటితో చెప్పారు. కాగితం ఏం చెప్పిందో నువ్వు వినలేదు. నరసింహం నిన్ను పొగిడి చదవకుండా తప్పించుకున్నాడేమోనని నా భయం.

నీ దగ్గర నకలు ఉంటే రేపే టపాలో వెయ్యి. కోపం తెచ్చుకోకు.

నీ బిడ్డ,
మణెమ్మ

మార్కాపురం,
ఫిబ్రవరి 2

ప్రియమైన మణెమ్మకు,

కోపం తెచ్చుకోవద్దని రాసినావు, తెచ్చుకున్నా. రెండేండ్లు ట్రైనింగు చదివితే నాయనకు లోకం తెలియదని అనుకుంటారా? ఉమామహేశ్వర్లు గారు మాట నిలబెట్టుకున్నాడు. పద్దెనిమిది మంది మనవాళ్ళు పనిలో ఉన్నారు. ఏబేలు చిన్నాయన రాయి తీస్తాడు, ఆడవాళ్ళు దాని మీద తడి గోతాలు కప్పుతారు, ఎండ తగిలితే రాయి పొరలుగా విడిపోదు గదా. నేను నిలబడి చూసుకుంటా. నన్ను మేస్త్రీ అని పిలుస్తున్నారు.

ఒక్కటి మాత్రం చెప్తా. మొన్న ఆయన మనుషులు వచ్చి పొలం నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతినారు. యేడాదికి వచ్చినవాడికి హద్దురాళ్ళు ఎందుకని మీ అమ్మ అడిగింది. నీకన్నీ అనుమానాలే అని కసిరినా. కసిరినా గానీ ఆ రోజు అన్నం సయించలేదు.

నకలు ఇందులో పెట్టినా. చదివి, నాయన సరిగ్గానే చేసినాడని రాయి.

విశ్వాసం

నంద్యాల,
ఫిబ్రవరి 9

ప్రియమైన నాయనకు,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

అందులో యేడాది అన్న మాట ఎక్కడా లేదు. రెండెకరాలూ, దానిమీది మన్నూ, కిందిరాయీ శాశ్వతంగా ఉమామహేశ్వర్లు గారికి ఇచ్చేసినట్టు ఉంది. మేస్త్రీ పని ఊసు లేదు. అన్నిటికంటే చివర, ఇదంతా ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకొని ఇష్టంతో సంతకం చేశానని నీ పేరుతో ఒక వాక్యం ఉంది. దాని కింద నీ సంతకం. నిజంగానే ఒక్క గీత తప్పలేదు.

ఆ సంతకం నేర్పింది నేను. ఎవరి ముందూ నువ్వు వేలు చాపకూడదని నేర్పాను. నువ్వు వేలే చాపి ఉంటే ఆ కాగితం నీకు చదివి చెప్పేవాళ్ళు.

ఇక్కడ తెలిసినవాళ్ళను అడిగాను. దారి ఒకటే ఉంది. వచ్చే నెల మొదట్లో డిప్యూటీ కలెక్టరు గారు మార్కాపురంలో క్యాంపు పెడతారట. అర్జీ రాసి వారి కచేరీకే పంపుతున్నాను, ఆ కాగితానికి నా తెలుగు అనువాదం కూడా జత చేశాను. తెలియక సంతకం చేసినట్టు తేలితే కాగితం చెల్లదు, భూమి నీది. తెలిసే చేశావని తేలితే షరతు తప్పినందుకు సర్కారు లాక్కుంటుంది. కాబట్టి అందరి ముందూ నువ్వు ఒక్క మాట చెప్పాలి. నాకు ఇంగ్లీషు రాదు అని.

నీ మణెమ్మ

మార్కాపురం,
ఫిబ్రవరి 15

మణెమ్మకు,

నేను చెప్పను.

ఆ సంతకం చూపించి పల్లెలో ఎంతమంది ముందు మీసం తిప్పినానో నీకు తెలియదు. గనిలో నన్ను దొర అని ఎగతాళి చేస్తారు, అదీ నాకు ఇష్టమే. ఇరవై యేండ్లు ఊళ్ళ పిల్లలందరికీ పలకలు కోసినవాణ్ణి, బజారువాళ్ళంతా వచ్చి చూస్తుంటే చదువు రాని మొద్దునని చెప్పుకోమంటావా. భూమి పోతే పోనీ, అది రాకముందు కూడా బతికినాం.

మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. నువ్వూ మానెయ్యి.

విశ్వాసం

నంద్యాల,
మార్చి 4

ప్రియమైన నాయనకు,

పదిహేడు రోజులైంది. రోజూ టపా వేళకు గేటు దగ్గర నిలబడుతున్నాను. క్యాంపు అయిపోయి ఉంటుంది. పోయావా, పోలేదా, ఆ ఒక్క ముక్క రాయి. భూమి పోయిందన్నా నిన్ను ఏమీ అనను. ఉత్తరం రాకపోవడమే భరించలేకుండా ఉన్నాను.

మణెమ్మ

మార్కాపురం,
మార్చి 7

ప్రియమైన నా తల్లి మణెమ్మకు,

పోయినా.

పోకూడదనే అనుకున్నా. ఆ పొద్దున మీ అమ్మ నా తెల్లచొక్కా ఉతికి, మంచం మీద పెట్టి కూలికి పోయింది. ఆ చొక్కాను చూస్తా కూర్చుని, కూర్చుని, లేచి తొడుక్కున్నా.

డిప్యూటీ కలెక్టరు అరవాయన, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఉమామహేశ్వర్లు గారు నలుగురు సాక్షులను తెచ్చినాడు. విశ్వాసం ఇంగ్లీషులో సంతకం చేస్తాడని నలుగురూ చెప్పినారు, అందులో అబద్ధం ఏముంది. అప్పుడు డిప్యూటీ కలెక్టరు ఇంగ్లీషు పత్రిక ఒకటి నా చేతికిచ్చి చదవమన్నాడు. ఆ అక్షరాల్లో నా పేరులోవి ఏమన్నా ఉన్నాయేమోనని వెతుకుతా నిలబడినా.

"రాదయ్యా" అన్నా. "నా పేరు ఒక్కటే వచ్చు. అది కూడా రాయడం కాదు, గీయడం. నా బిడ్డ గీసి చూపిస్తే నేర్చుకున్నా."

వెనక ఎవరో నవ్వినారు. చదువు రానివాడు అని రాసుకోమని డిప్యూటీ కలెక్టరు తన పక్కనున్న కచేరీ గుమాస్తాకు చెప్పినాడు. అది వినేసరికి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"అట్ల రాయొద్దయ్యా. నాకు తెలుగు వచ్చు. ఆదివారం మా చర్చిలో వాక్యం చదివేది నేనే. ఈ కాగితం తెలుగులో రాసి నా చేతికిచ్చి ఉంటే నేనే చదివి, ఆ రోజే కాదనేవాణ్ణి. నాకు రాని భాషలో రాసింది వాళ్ళు. చదువు రానివాణ్ణి నేనెట్ల అవుతా?"

ఆయన నువ్వు పంపిన తెలుగు కాగితం ఇప్పించినాడు. గొంతెత్తి మొదటినుంచి చివరిదాకా చదివినా. 'శాశ్వతముగా' అన్నచోట ఆగి రెండోసారి చదివినా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నరసింహం చెప్పులు చూసుకుంటా ఉన్నాడు.

మూడోరోజు హుకుం చేతికిచ్చినారు. రెండు పేజీలు, అదీ ఇంగ్లీషులోనే. గెలిచినావు పో అని జవాను చెప్పినాడు. పల్లెవాళ్ళు పాటలు పాడినారు. నోటిమాటకు సంతోషపడటం నేను మానుకున్నా గాబట్టి నీకు పంపుతున్నా. ప్రతి మాటా తెలుగులో రాయి, ఏదీ దాచొద్దు. ఉలులు సాన పట్టించినా. నీ ఉత్తరం రాగానే నేనూ ఏబేలూ మన సొంత గని మొదలుపెడతాం. ఇంక నన్ను మేస్త్రీ అని ఎవరూ పిలవక్కరలేదు.

నీ నాయన,
విశ్వాసం

నంద్యాల,
మార్చి 12

ప్రియమైన నాయనకు, నీ మణెమ్మ నమస్కారాలతో రాసేది.

ఆ పత్రిక పట్టుకొని నువ్వు నిలబడినచోట చదివి ఏడ్చాను. తరువాత నువ్వు అన్న మాట మా తరగతిలో అందరికీ చదివి వినిపించాను.

మొదటి పేజీ. ఉమామహేశ్వర్లు గారి కాగితం చెల్లదు. విశ్వాసానికి తెలియని భాషలో రాయించి, చదివి చెప్పకుండా తీసుకున్న సంతకానికి విలువ లేదు. రెండెకరాల పట్టా విశ్వాసం పేరనే ఉంటుంది. హద్దురాళ్ళు తీసేయాలి.

రెండో పేజీ. ఈ పేజీ రాయకుండా ఉత్తరం మూసేద్దామని ఒక పూటంతా అనిపించింది. అట్ల చేస్తే నాకూ నరసింహానికీ తేడా లేదు. విను. ఆ భూమి సేద్యానికి మాత్రమే ఇచ్చినది. కింద ఉన్న పలకరాయి సర్కారుది. పట్టాదారు దాన్ని తవ్వితే పట్టా రద్దవుతుంది. రాయి తీయడానికి ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇంగ్లీషులో, నెల లోపల. సర్కారు తనకు నచ్చినవాళ్ళకు ఇస్తుంది. అంతే నాయనా. ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి తిప్పి చూశాను.

ఉలి తాకనివ్వకు. ఏబేలు చిన్నాయనను కూడా ఆపు. పంట పండదని మనకిచ్చి, రాయి దొరికాక రాయి మీది కాదంటున్నారు. ఉమామహేశ్వర్లు గారి దరఖాస్తు ఈపాటికి పోయే ఉంటుంది. మన పొలం కిందిరాయి మనకివ్వమని మనమే అడుక్కోవాలి, ఇస్తారన్న నమ్మకం నాకు లేదు. అయినా అడుగుదాం.

సెలవు అడిగాను, శనివారం బండికి వస్తున్నాను. దరఖాస్తు నువ్వు తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషులో పెడతాను. అయితే ఈసారి నా మాట నమ్మి సంతకం చెయ్యొద్దు. నీకు పేరు నేర్పి అక్కడితో ఆపేశాను, తప్పంతా అక్కడే జరిగింది. చదవడం కూడా నేర్పుతాను. నీకు ఓపిక లేదన్నా వదలను. పుస్తకాలేమీ తేవడం లేదు, ఈ హుకుమే మన మొదటి పాఠం. రెండో పేజీతో మొదలుపెడదాం.

నీ బిడ్డ,
మణెమ్మ