నున్నటి పలక

డిసెంబరు 2009, ఆదివారం, బోధన్

ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ అనే కర్బన పొర సిలికాన్ పలకకు ఎంత గట్టిగా అంటుకుంటుందో కొలవడమే నా పరిశోధన. పలకలోని చిన్న గుంట మీద పరిచి, కింద గాలి నింపితే పొర బుడగలా ఉబ్బుతుంది. ఎంత ఒత్తిడికి అంచు లేస్తుందో రాసుకుంటాను. ఆరు నెలలుగా రోజుకో లెక్క వస్తోంది. నా చేతులే పనికిరావేమో! చదువు మానేస్తానని ఇవాళ అవ్వతో చెప్పేశాను.

అవ్వ చాట పక్కన పెట్టి, "జిగురు లేకుంట ఎట్ల అంటుకుంటది బిడ్డా?" అంది.

"మంచిగ ఆనితే గదే పట్టుకుంటదవ్వా."

"మరి నీ పలక అంతట నున్నగున్నదా? సూసినవా?"

చూడలేదు. అద్దంలా మెరుస్తుంటే నున్ననిదేనని నమ్మాను. కళ్లు మూసుకుంటే ఇప్పుడు ఆ పలక నిండా గుట్టలు, లోయలు. రుద్రూర్ చెరుకు తోటల మీది మంచులా పొర ఆ గుట్టల కొనలనే తాకుతూ తేలుతోంది. రోజుకో లెక్క నిజంగా అందుకేనా...

"రేపు కాలేజీకి పోతవా, సద్ది కట్టాల్నా?" అని అవ్వ ఇందాక అడిగింది.

కట్టమన్నాను.