పోస్టాఫీసు కోసం వైఫై పోరాటం

తూర్పుపల్లె, వేంపల్లె దగ్గర
జూన్ 3

కడప ఇంటర్నెట్టు ఆఫీసు పెద్దలకు,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టాననుకోండి. ఆదివారం నుంచి నా ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంది, ఒక్క పేజీ తెరుచుకోదు. మన ప్రజాస్వామ్యమూ ఇట్లాగే ఉంది, అది వేరే సంగతి. ఉత్తరాలు తగ్గాయని మా ఊరి పోస్టాఫీసును ఎత్తేసి వేంపల్లెలో కలుపుతారట. అభ్యంతరాలు ఈ నెలాఖరులోగా ఆన్‌లైన్‌లోనే పెట్టాలట! పదహారు పేజీలు రాసుకుని కూర్చున్నాను. పెళ్లికి ముందు నా భార్య నాగలక్ష్మమ్మ నాకు రాసిన కార్డు వచ్చింది ఆ పోస్టాఫీసుకే. ఊరంతా చదివాక నాకు చేరింది.

మీ ఫోను తొమ్మిది నొక్కమంటుంది, నొక్కితే పాట పాడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆగ్రహంతో,
శేషన్న

తా.క.: పాట బాగుంది. రెండుసార్లు విన్నాను.

కడప
జూన్ 6

శేషన్న గారికి,

మీ ఉత్తరం అందింది. చేత్తో రాసిన ఫిర్యాదు చూడటానికి ఆఫీసంతా నా బల్ల చుట్టూ చేరింది. రౌటరును ఇనుప బీరువాలో పెట్టారా? గుడ్డ కప్పారా? ఏ రంగు లైటు వెలుగుతోంది? వివరంగా రాయండి.

ఇట్లు,
కృపమణి, ఫిర్యాదుల విభాగం

తా.క.: ల్యాప్‌టాప్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఇది చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది.

తూర్పుపల్లె
జూన్ 9

కృపమణి గారికి,

ఆపాను, వేశాను, లాభం లేదు. గుడ్డ కప్పింది నా భార్య. "దుమ్ము పడుతాండాది, సూస్తా ఉండాల్నా?" అంది. ఒకప్పుడు మా నాయన రేడియోకు కప్పిన అల్లిక గుడ్డ అది. వార్తల వేళకు ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తితే అరుగు మీద ఇరవైమంది నోళ్లు మూసుకునేవాళ్లు. తర్వాత ఇరవైమందీ కొట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరి వార్త వాళ్ల అరచేతిలో, కొట్లాటకైనా పక్కన మనిషి లేడు! గుడ్డ తీసేశాను. ఫలితం సున్నా.

కొట్లాటకు సిద్ధంగా,
శేషన్న

తా.క.: లైటు ఎర్రగా వెలుగుతోంది. ముప్ఫై ఏళ్లు ఎర్రజెండా మోసినవాణ్ణి, అందులో నాకు తప్పేమీ కనబడలేదు.

కడప
జూన్ 12

శేషన్న గారికి,

ఎర్ర లైటంటే బయటి తీగ తెగినట్టు. మీ వాకిలి పైనుంచి సన్నటి నల్ల తీగ లోపలికి వస్తుంది. దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?

ఇట్లు,
కృపమణి

తా.క.: ఎవరి మీదా అనుమానం లేదు. మీ మీద తప్ప.

తూర్పుపల్లె
జూన్ 15

కృపమణి గారికి,

ఆ ఆదివారం వాకిట్లో మూఢనమ్మకాల మీద ఉపన్యసించి, దిష్టికి కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారాలు కత్తిరించేశాను. ఒక దారం తెగలేదు. మూఢనమ్మకం గట్టిగానే ఉంటుందని పెద్ద కత్తెర తెచ్చాను.

"దిష్టివి తీసేసినావు, ఆ పొద్దే నెట్టు పాయ. శాస్త్రం ఇంగేం కావల్ల నీకు?" అంటోంది నాగలక్ష్మమ్మ. కత్తెర దాచేశాను. వెంటనే మనిషిని పంపండి.

తలవంపులతో,
శేషన్న

తా.క.: "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని మీవాళ్ల నుంచి రోజూ పదేసి కార్డులు వస్తున్నాయి. అన్నింటికీ ఘాటుగా జవాబులు రాస్తున్నాను. నన్నెవరనుకున్నారు?

కడప
జూన్ 29

శేషన్న గారికి,

రేపు మా మనిషి వచ్చి తీగ అతికిస్తాడు. మీ పదహారు పేజీలు ఇక ఎక్కించనక్కర్లేదు.

తీగ తెగిందని మొదటిరోజే మా కంప్యూటర్లో కనబడింది. మీ ఫోన్ నెంబరూ ఉంది. కావాలనే చేయలేదు. మీ ఊరి పాత పోస్టుమ్యాన్ ఏసేపు మా నాన్న. చదువురాని వాళ్లకు ఉత్తరం చదివిపెట్టి, ఏడ్చేవాళ్ల పక్కన కాసేపు కూర్చుని, ఆయన ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. మీ మొదటి ఉత్తరం చూపిస్తే ఆయనన్నాడు: "ఉత్తరాల్లేవని మూస్తాండారు గదా, ఉత్తరాలే పంపు పాపా. ఆయప్పకు కోపమొస్తే కలం ఆగదు." మా రాజంపేట, బనగానపల్లె ఆఫీసుల చేత కూడా మీకు కార్డులు రాయించాను.

ఈ నెల టపాలో చుట్టుపక్కల మీ ఊరిదే పైచేయి అని నాన్న వేంపల్లెలో కనుక్కొచ్చాడు. కలపడం ఆపేశారట.

క్షమించమని కోరుతూ,
ఏసేపు కూతురు కృపమణి

తా.క.: ఇప్పుడు చూపు ఆనక, మీ ఉత్తరాలన్నీ నాన్న నాచేత రెండేసి సార్లు చదివించుకున్నాడు. "కడాపటి దాంట్లో తిట్లు తగ్గినాయి, ఆయప్పకు ఒళ్లు బాగుండాదా?" అని అడుగుతున్నాడు.