నెగడు దగ్గర నీ తమ్ముడు

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇప్పుడు నీ తమ్ముడు సోమన్నకూ షుగరే. అరికాలి పుండులో కుళ్లిన చర్మం తీయించి కట్టు కట్టించడానికి ముంచింగిపుట్టు ఆసుపత్రికి తిప్పి తిప్పి అలిసిపోయాను. "కాళ్లకి స్పర్శ పోయింది, మంట దగ్గర పెట్టనివ్వకు" అని నర్సమ్మ మరీమరీ చెప్పింది.

పొద్దున్న చూస్తే, నెగడుకేసి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మంచి కాలి వేలు నిప్పుకు ఆనుతోంది. గబుక్కున వెనక్కి లాగాను.

"ఏటి వదినా, సలేత్తంది! నాకేటీ సురుక్కుమన్లేదు" అని నవ్వాడు.

నీ పుండూ ఇక్కడే మొదలైంది. ఆ రోజు నువ్వూ ఇలాగే నవ్వావు. చివరికి కాలు తీసేసినా నువ్వు దక్కలేదు.

అరిచే ఓపిక లేక బిందెడు నీళ్లు నెగడు మీద పోసేశాను. ఇప్పుడిద్దరం చలికి వణుకుతూ కూర్చున్నాం. వణకనీ, మావా.