నాన్న వేసిన ఈల

చెల్లి ఎర్సీలియాకు,

వాన తెరిపిచ్చింది. పొద్దున్నుంచి ఎండుగడ్డి తిరగేస్తున్నాం.

పార్మా నాటకశాలలో నువ్వు స్వరం తప్పగానే గ్యాలరీలోంచి మొదటి వెక్కిరింపు ఈల వేసింది నాన్నే. ఇక పాడనని నువ్వు రాసిన ఉత్తరం నేను చదివి వినిపించాక తనే చెప్పాడు.

అమ్మ గరిటె విసిరింది. "కన్నకూతురికే ఈలా? నీ నోరు పడిపోను!"

"పైస్వరం అందలేదు కదే! కూతురని ఊరుకుంటే, రేపు బాగా పాడినప్పుడు నా చప్పట్లకు విలువేముంటుందే?" అన్నాడు నాన్న. కానీ ఆ పూట ఆయన మొక్కజొన్న సంకటి, అదే పొలెంటా, ముట్టలేదు.

వచ్చే ఆదివారం ఆటలో పాడటం మానకు. ఈ మాట ఆయన రాయమనలేదు, నేనే రాస్తున్నాను.

గడ్డి ఇంకా సగం పొలంలోనే ఉంది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, ఆదివారం ఆటకు గ్యాలరీ టికెట్టు కొనడానికి మధ్యాహ్నం రైలుకు పార్మా వెళ్ళాడు.