దేవుడి గూట్లో మిలిటరీ బండి

చెంచులక్ష్మీ,

అమ్మ చేలో నుంచి వచ్చేలోగా దేవుడి గూట్లో ఉన్న ప్లాస్టిక్ మిలిటరీ బండి చక్రం అతికించు. గమ్ము ట్యూబు గూట్లోనే ఉంది. పటాలంలో తను నడిపేది ఇట్లాంటిదేనని, అన్న సెలవులో ముక్కలు అతికించి చూపించిన బండి అది. ఈ పొద్దున బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించబోయి అమ్మ విరగ్గొట్టింది. "నా చేత్తోనే నా కొడుక్కు కీడు చేసుకుంటినే" అని గంజి కూడా ముట్టలేదు.

నేను గిద్దలూరులో రైలెక్కుతున్నా. పటాలం నుంచి తంతి వచ్చింది. శత్రువు జాడ చూసేందుకు ముందు పోయిన అన్న బండి తిరిగి రాలేదంట. నీకు నోటితో చెప్పలేకపోయినా. అమ్మకు మాత్రం నేను గొర్రెల సంతకు పోయినానని చెప్పు. ఈ చీటీ పొయ్యిలో వెయ్యి.

ఊళ్లో ఎవరైనా నోరు జారితే అమ్మకు మొదట ఈ మాట చెప్పు: తంతి నిన్ననే వచ్చింది, ఆమె బండి ముట్టుకోకముందే.